సింహాద్రి నుంచి మాచ్‌ఖండ్ దాకా: కరెంటు తీగ వెంట ప్రయాణం

ఆదివారం, విశాఖపట్నం

ఆర్కే బీచ్ రోడ్డులో చాలాచోట్ల నెత్తి మీద కరెంటు తీగలు కనిపించవు. వీధి దీపాల స్తంభాలు వరసగా ఉన్నాయి గానీ, వాటి మధ్య అల్లుకుపోయిన తీగలు లేవు. అవన్నీ భూమి కిందకి వెళ్ళిపోయాయి. ఫుట్‌పాత్ పక్కన నడుమెత్తు ఉక్కు పెట్టెలు కనిపిస్తాయి. రింగ్ మెయిన్ యూనిట్లు అంటారు వాటిని. ఒకవైపు కేబుల్ పాడైతే రెండోవైపు నుంచి కరెంటు తిప్పి ఇవ్వడానికి పెట్టినవి.

ఈ మార్పు వెనక హుద్‌హుద్ తుపాను ఉంది. 2014 అక్టోబరు 12న గంటకు 180 కిలోమీటర్ల గాలి విశాఖని తాకింది. వేల స్తంభాలు నేలకూలాయి. అప్పుడు నేను ఉగాండాలో కంపాలాలో ఉన్నాను. ఇంటికి ఫోన్ కలవలేదు. తర్వాత అమ్మ చెప్పిన మొదటి మాట గాలి గురించి కాదు, నీళ్ళ గురించి. కరెంటు లేక మోటారు ఎక్కలేదు, ట్యాంకు నిండలేదు. కరెంటు పోవడమంటే చీకటి ఒక్కటే కాదు. నీళ్ళు, ఫోను, ఆస్పత్రి, ఏటీఎం అన్నీ ఒకేసారి పోవడం. పక్క రాష్ట్రాల నుంచి కూడా లైన్‌మన్లు వచ్చి పనిచేస్తే, కొన్ని కాలనీలకు వారం దాటాక వెలుగు వచ్చింది.

ఆ తర్వాత 2015లో ప్రపంచ బ్యాంకు 25 కోట్ల డాలర్ల రుణంతో విపత్తు పునరుద్ధరణ ప్రాజెక్టు ఒకటి మంజూరు చేసింది. ఈ భూగర్భ కేబుళ్ళు అందులో భాగం. నగరంలో పాత వీధి దీపాలు తీసేసి ఎల్‌ఈడీలు పెట్టింది కూడా హుద్‌హుద్ తర్వాతే. ఇది మంచి పని, ఖర్చుకి తగిన పని. కానీ ఇదే జిల్లాల కొండల మీద ప్రతి ఈదురుగాలికీ చెట్టు కూలి తీగ తెగుతూనే ఉంటుంది. ఆ తీగకి ఏ పేరున్న తుపానూ ఉండదు కాబట్టి ఏ ప్రాజెక్టూ రాదు.

అందుకే ఈ ప్రయాణం. సముద్రం ఒడ్డున కరెంటు పుట్టే చోటు నుంచి కొండల్లో కరెంటు పుట్టే చోటు దాకా, మధ్యలో అది ఎవరి ఇంటికి చేరుతుందో, ఎవరి ఇంటి ముందు ఆగిపోతుందో చూస్తూ వెళ్ళాలని. నేను ఎలక్ట్రికల్ ఇంజినీర్ని. కంపాలాలో మీటర్లు, లైను నష్టాల (పంపిన కరెంటులో బిల్లు పడకుండా పోయేదాని) లెక్కలు నా పని. నాతో వచ్చింది మా పెదనాన్న కొడుకు. లైన్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరయ్యాడు. ఊరు శృంగవరపుకోట. స్తంభాన్ని చూసి అది ఏ కాలంలో పాతిందో చెప్పగలడు.

సోమవారం, పరవాడ, గాజువాక

గాజువాక దాటి పరవాడ వైపు వెళ్తుంటే సింహాద్రి పొగగొట్టాలు చాలా దూరం నుంచే కనిపిస్తాయి. ఎన్టీపీసీ వాళ్ళ ఈ కేంద్రం సామర్థ్యం 2000 మెగావాట్లు, ఒక్కోటి 500 చొప్పున నాలుగు యూనిట్లు. మొదటి యూనిట్ 2002లో మొదలైంది. బొగ్గు ఒడిశాలోని తాల్చేరు నుంచి రైల్లో వస్తుంది. చల్లార్చడానికి సముద్రపు నీళ్ళు వాడతారు. అక్కడి రిజర్వాయరు నీటి మీద తేలే సోలార్ పలకలు 25 మెగావాట్లవి 2021లో పెట్టారు.

రోడ్డు మీద నుంచే చూసి గాజువాక వైపు తిరిగాం. అసలు నాకు చూడాలని ఉన్నది అక్కడి హెచ్‌వీడీసీ (హై వోల్టేజ్ డీసీ) స్టేషను. చూడటానికి ఏమీ ఉండదు, గోడలు, గేటు, లోపల యార్డు. కానీ మన కరెంటు చరిత్రలో దానికి పెద్ద చోటే ఉంది. తూర్పు గ్రిడ్ (ఆ వైపు రాష్ట్రాల కరెంటు లైన్ల వల) నుంచి వచ్చే కరెంటుని ఏసీ నుంచి డీసీకి మార్చి, అదే ఆవరణలో మళ్ళీ ఏసీ చేసి దక్షిణ గ్రిడ్‌కి ఇచ్చే చోటు ఇది. మొదటి 500 మెగావాట్లు 1999లో, రెండో 500 మెగావాట్లు 2005లో వచ్చాయి. ఇలా ఎందుకు? రెండు గ్రిడ్లూ అప్పట్లో ఒకే లయలో నడిచేవి కావు. నేరుగా కలిపితే కుదరదు.

2012 జూలై 30, 31 తేదీల్లో ఉత్తరాది, తర్వాత తూర్పు, ఈశాన్య గ్రిడ్లు కూలిపోయి 60 కోట్ల మంది ఉండే ప్రాంతం చీకటైపోయినప్పుడు దక్షిణాది నిలబడింది. కారణం ఇలా నేరుగా కలవకపోవడమే. అలాగని సంతోషించడానికి లేదు. అదే ఏడాది ఉమ్మడి రాష్ట్రంలో ఫ్యాక్టరీలకు పవర్ హాలిడేలు. బయట కరెంటు ఉన్నా తెచ్చుకునే తీగ చాలదు. 2013 డిసెంబరు 31న రాయచూర్-షోలాపూర్ లైనుతో దక్షిణ గ్రిడ్ దేశం గ్రిడ్‌లో కలిసింది. ఆ తర్వాత కరెంటు కొరత గురించి మనం మాట్లాడుకునే తీరే మారిపోయింది.

"అప్పుడు కోతల టైము రాసి సబ్‌స్టేషన్ గోడకి అంటించేవాళ్ళం. జనం మమ్మల్ని తిట్టేవాళ్ళు. మేమేటి చేస్తాం, పైనుంచి ఫోను వొస్తాది, ఫీడర్ ఆపేయాలి" అన్నాడు అన్నయ్య. ఫీడర్ అంటే సబ్‌స్టేషన్ నుంచి ఊళ్ళకి వెళ్ళే లైను. కోత పెట్టే చెయ్యి, తిట్లు తినే చెవి ఎప్పుడూ ఆ కింది మనిషివే. కంపాలాలోనూ అంతే.

మంగళవారం, విశాఖపట్నం

రోజంతా ఊళ్ళోనే. కంచరపాలెంలో అన్నయ్య పాత స్నేహితుడి ఇంట్లో భోజనం. ఇద్దరూ పాత రోజుల్లో ఒకే సెక్షన్‌లో పనిచేశారు. కొక్కేల రోజులు చెప్పుకున్నారు. రాత్రి పది దాటాక వెదురుకర్రకి తీగ కట్టి మెయిన్ లైను మీద వేసేవాళ్ళట, తెల్లారేలోపు తీసేసేవాళ్ళట. ఎవరు వేస్తున్నారో వీధి అందరికీ తెలుసు. ఎవరూ చెప్పరు.

మన రాష్ట్రంలో జరిగిన మార్పుని ఈ తరం దాదాపు మర్చిపోయింది. 1998లో విద్యుత్ సంస్కరణల చట్టం వచ్చింది. 1999 ఫిబ్రవరిలో ఎలక్ట్రిసిటీ బోర్డుని విడదీసి ఉత్పత్తికి జెన్‌కో, సరఫరాకి ట్రాన్స్‌కో పెట్టారు. అదే సమయంలో ప్రపంచ బ్యాంకు 21 కోట్ల డాలర్ల అప్పు ఇచ్చింది. 2000లో పంపిణీకి నాలుగు డిస్కంలు వచ్చాయి. వాటిలో తూర్పు ప్రాంతానిది, మనం ఈపీడీసీఎల్ అనేది, విశాఖ కేంద్రంగా మొదలైంది. ఆ ఏడాదే చార్జీలు పెంచారు, జనం రోడ్డెక్కారు, ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. సంస్కరణ అనే మాట వింటే మా పెద్దవాళ్ళ ముఖాలు ఎందుకు మారతాయో ఈ తేదీ గుర్తుంటే అర్థమవుతుంది.

కానీ అదే కాలంలో ఇంకో పని నిశ్శబ్దంగా జరిగింది. 2000లోనే కరెంటు చౌర్యాన్ని గట్టి నేరంగా చూసే చట్ట సవరణ రాష్ట్రంలో వచ్చింది. దేశం మొత్తానికి విద్యుత్ చట్టం వచ్చింది 2003లో. అంతకంటే ముఖ్యమైనది, ప్రతి ఫీడర్‌కీ మీటరు పెట్టడం. సబ్‌స్టేషన్ నుంచి ఎన్ని యూనిట్లు బయటికి వెళ్ళాయి, ఆ ఫీడర్ కింద ఎన్ని యూనిట్లకు బిల్లు వేశారు అన్న లెక్క పక్కపక్కన పెట్టడం. దొంగ కనెక్షన్లు లక్షల్లో క్రమబద్ధం చేశారు. 1999లో 38 శాతం దగ్గరున్న నష్టాలు 2003కి 26 శాతానికి దిగాయి.

"అంతకుముందు నష్టం ఎంత అంటే ఒక నంబరు రాసీసేవాళ్ళం. ఎవరడుగుతారు? ఫీడర్‌కి మీటరెట్టాక దాక్కోడానికి లేదమ్మా. ఈ ఫీడర్ నీది, ఇన్ని యూనిట్లు ఏమయ్యాయి అని డీఈ అడిగేవాడు" అన్నాడు ఆ పెద్దాయన. డీఈ అంటే డివిజనల్ ఇంజినీరు, వాళ్ళ పై అధికారి.

ఈ మాట నేను ఇంగ్లీషులో కంపాలాలో ఎన్ని మీటింగుల్లో విన్నానో. అక్కడ 2005లో పంపిణీని ఉమేమే అనే ప్రైవేటు కంపెనీకి 20 ఏళ్ళకి ఇచ్చారు. 38 శాతం దగ్గరున్న నష్టాల్ని వాళ్ళూ సగానికి పైగా దించారు. ప్రీపెయిడ్ మీటర్లు పెట్టారు. కూరగాయలమ్ముకునే ఆమె మొబైల్‌లో డబ్బు కట్టి, వచ్చిన 20 అంకెల నంబరు మీటరులో నొక్కుకుంటుంది. గడువు 2025 మార్చితో ముగిసి ప్రభుత్వ కంపెనీ తీసుకుంది. అయినా ఆ దేశంలో గ్రిడ్ కరెంటు లేని ఇళ్ళే ఇప్పటికీ ఎక్కువ. నష్టాలు తగ్గడం ఒకటి, తీగ కొత్త ఇంటికి వెళ్ళడం మరొకటి. మొదటిది లేకుండా రెండోది నిలవదు. మొదటిది ఉన్నంత మాత్రాన రెండోది దానంతట అదే జరగదు.

ప్రైవేటా, ప్రభుత్వమా అని భోజనం దగ్గర పెద్ద వాదన నడిచింది. నా మట్టుకు నాకు అది రెండో ప్రశ్న. ఢిల్లీలో 2002లో ప్రైవేటుకిచ్చారు, 50 శాతం దాటిన నష్టాలు ఒక అంకెలోకి వచ్చాయి. మన దగ్గర ప్రభుత్వ సంస్థే దించింది. నైజీరియాలో 2013లో పంపిణీని 11 కంపెనీలకి అమ్మారు, గ్రిడ్ కూలిపోవడం మాత్రం ఆగలేదు. దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష పోయాక లక్షల ఇళ్ళకి కనెక్షన్ ఇచ్చారు, అది నిజంగా గొప్ప పని. కానీ పాత బొగ్గు కేంద్రాల మరమ్మతు వెనకపడి 2023లో 300 రోజులకు పైగా కోతలు పెట్టాల్సి వచ్చింది. ఎవరి చేతిలో ఉందన్నదాని కంటే, కొలుస్తున్నారా లేదా, కొలిచినదానికి ఎవరైనా జవాబు చెబుతున్నారా లేదా అన్నదే అసలు సంగతి.

బుధవారం, కొత్తవలస లైను

పొద్దున్నే కిరండూల్ పాసింజర్. కిటికీ సీటు కోసం టూరిస్టుల తోపులాట. కొత్తవలస దాటాక అన్నయ్య తన సామ్రాజ్యం చూపించడం మొదలుపెట్టాడు. ఈ ఫీడర్ ఆ ఊరిది, ఆ ట్రాన్స్‌ఫార్మర్ నేను ఎక్కించినదే, ఆ మలుపులో స్తంభం లారీ గుద్దేసింది.

శృంగవరపుకోట పొలాల్లో పంపుసెట్లు కనిపిస్తాయి. వ్యవసాయానికి ఉచిత కరెంటు 2004 నుంచి ఉంది. రాయలసీమతో పోలిస్తే ఈ వైపు బోర్లు తక్కువ, విశాఖ చుట్టూ పెద్ద ఫ్యాక్టరీలు ఎక్కువ. మన డిస్కం దేశంలో తక్కువ నష్టాలున్నవాటిలో ఒకటిగా ఉండటానికి పనితనంతో పాటు ఇదీ కారణమే. హైటెన్షన్ లైను మీద ఒకే మీటరు దగ్గర లక్షల యూనిట్లు తీసుకుని నెలనెలా డబ్బు కట్టే ఫ్యాక్టరీ ఎక్కడ, బల్బు ఒక్కటే ఉన్న ఇల్లెక్కడ? ఫ్యాక్టరీ యూనిట్‌కి ఎక్కువ కడుతుంది, ఇల్లు తక్కువ కడుతుంది. ఆ తేడాలోంచే కొండ మీది తీగకి కొంత దొరుకుతుంది. ఈ ఏర్పాటుని తప్పుపట్టేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను తప్పనను. లెక్క దాచకుండా రాస్తే చాలు.

బొడ్డవర దాటాక ఘాట్, సొరంగాలు, శిమిలిగుడ చలి. అరకులో దిగేసరికి వలిసె పూలు పచ్చగా పరుచుకుని ఉన్నాయి. రిసార్టులన్నిటికీ రంగురంగుల దీపాలు.

గురువారం, కొండ మీది ఊరు

ఊరి పేరు రాయను. అక్కడివాళ్ళు రాయొద్దని అడగలేదు, కానీ రాస్తే ఆ ఇళ్ళ వాళ్ళెవరో తెలిసిపోతుంది. జీపు వెళ్ళినంత మేర వెళ్ళి, ఆ తర్వాత నడిచాం. దారి చూపించింది ఆ ఊరి కుర్రాడు. డిగ్రీ మధ్యలో ఆపేసి కాఫీ తోటల్లో పనికి వెళ్తున్నాడు.

ఊరు రెండు ముక్కలు. కింద ముక్కకి కరెంటు ఉంది. పైన గుట్ట మీద ఐదిళ్ళకి లేదు.

కింద ముక్కలో మొదటి ఇంటి గోడకి మీటరు. అన్నయ్య అలవాటుగా ముందు సీలు చూశాడు. నేను దాని మీద మెరిసే ఎర్ర లైటు చూస్తూ నిలబడ్డాను. మీటరు మీద 3200 అని రాసి ఉంది. అంటే ఒక యూనిట్ కరెంటు వాడేలోపు ఆ లైటు 3200 సార్లు మిణుకుతుంది. ఇంట్లో వెలుగుతున్నది 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు ఒక్కటే. ఒక మిణుకు తర్వాత ఇంకో మిణుకు కోసం వాచీ పట్టుకుని చూశాను. రెండు నిమిషాలు దాటింది. విశాఖలో మా ఫ్లాట్‌లో ఏసీ వేస్తే అదే లైటు సెకనుకి ఒకసారి కంటే ఎక్కువగా కొట్టుకుంటుంది. ఒకే తీగ, ఒకే డిస్కం, ఒకే రకం మీటరు. ఇన్నేళ్ళు శాతాలతో పనిచేసినా నాకు అక్కడ అర్థమైనంత స్పష్టంగా ఎప్పుడూ అర్థం కాలేదు.

ఇంటావిడ తెలుగులో కొంచెం, వాళ్ళ భాషలో కొంచెం కలిపి చెప్పింది. బల్బు వచ్చాక రాత్రి పాము భయం తగ్గింది. ఫోను చార్జింగ్ కోసం సంతకి వెళ్ళక్కర్లేదు. వానాకాలం కరెంటు పోతే మాత్రం మూడు నాలుగు రోజులు రాదు. బిల్లు సున్నా. మన రాష్ట్రంలో ఎస్సీ, ఎస్టీ ఇళ్ళకి నెలకి 200 యూనిట్ల దాకా ఉచితం.

ఈ సున్నా బిల్లు వెనక లెక్క ఉంది. ఆ డబ్బు ప్రభుత్వం డిస్కంకి ఇవ్వాలి. 2003 చట్టం 65వ సెక్షన్ ప్రకారం సబ్సిడీ ముందుగానే కట్టాలి. దేశమంతటా చాలా రాష్ట్రాల్లో ఆ డబ్బు ఆలస్యమవుతుంది. డిస్కం అప్పు తెచ్చుకుంటుంది. అప్పు పెరిగినప్పుడు మొదట ఆగేది ఏమిటి? జీతాలు ఆగవు, కొన్న కరెంటుకి డబ్బు ఆపలేరు. చెట్లకొమ్మలు కొట్టే పని ఆగుతుంది. ఖాళీ అయిన లైన్‌మన్ పోస్టు ఖాళీగానే ఉంటుంది. ఆవిడ ఇంట్లో మూడు నాలుగు రోజుల చీకటికి మూలం వాన ఒక్కటే కాదు.

ఊరి చివర ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర అన్నయ్య చాలాసేపు నిలబడ్డాడు. పాత రకం, 25 కేవీఏ సామర్థ్యం ఉన్నది. ఇలాంటిది కింద ఎవరూ బల్బు వేయకపోయినా ఎప్పుడూ సుమారు వంద వాట్లు ఇనుములోనే వేడిగా పోగొడుతుంది. నెలకి 72 యూనిట్లు. ఈ ఊళ్ళో ఇల్లొక్కటి నెలకి ఇరవై యూనిట్లు వాడితే గొప్ప. అంటే మూడున్నర ఇళ్ళు వాడినంత కరెంటు ట్రాన్స్‌ఫార్మరే వాడుతోంది. కాగితం మీద ఈ ఫీడర్ నష్టం ఎప్పుడూ ఎక్కువే కనిపిస్తుంది. ఇక్కడ కొక్కెం వేసినవాడు ఎవడూ లేడు. నష్టం శాతం ఒక్కటే చూసి సిబ్బందికి మార్కులు వేస్తే, కొండ ఊళ్ళకి లైను లాగిన ఇంజినీరుకే తక్కువ మార్కులు వస్తాయి. ఇలాంటి చోట్లకి చిన్న సింగిల్ ఫేజ్ ట్రాన్స్‌ఫార్మర్లు ఇళ్ళ దగ్గరికే తెచ్చి పెట్టే పద్ధతి ఉంది, హెచ్‌వీడీఎస్ అంటారు. ఖర్చు ఎక్కువ, నష్టం తక్కువ, వోల్టేజీ బాగుంటుంది.

పైన ఐదిళ్ళకి ఎక్కడానికి అరగంట పైనే పట్టింది. అక్కడ ప్రతి ఇంటి కప్పు మీదా చిన్న సోలార్ పలక ఉంది. ఒక్కదానికీ దీపం వెలగడం లేదు. కొన్నేళ్ళ కిందట ఎవరో వచ్చి పెట్టి, ఫొటోలు తీసుకుని వెళ్ళారు. రెండు వానాకాలాలు బాగానే వెలిగాయి. తర్వాత బ్యాటరీలు పోయాయి. బ్యాటరీ పెట్టె తెరిచి చూశాను. టెర్మినల్ మీద తెల్లటి పొక్కు కట్టి తీగ ఊడిపోయి ఉంది. ఒక ఇంట్లో ఆ పెట్టెలో ఎండుమిరపకాయలు దాచుకున్నారు.

బంగ్లాదేశ్‌లో 2003లో మొదలుపెట్టి ఇదే పని చేశారు. 40 లక్షలకు పైగా ఇళ్ళకి సోలార్ పలకలు, దాదాపు 2 కోట్ల మందికి వెలుగు. అక్కడ ఊరికే ఇవ్వలేదు, వాయిదాల మీద అమ్మారు. వాయిదా వసూలుకి వచ్చే సంస్థ మనిషే పలక, బ్యాటరీ కూడా చూసేవాడు. డబ్బు తీసుకున్నవాడికి మళ్ళీ ఆ గుమ్మం ఎక్కాల్సిన అవసరం ఉంది. గ్రిడ్ వచ్చాక ఆ పలకలు మూలపడ్డాయి, అదీ నిజమే. కానీ వచ్చేదాకా వెలిగాయి. ఇక్కడి ఐదిళ్ళ వాళ్ళ దగ్గర వాయిదా కట్టేంత డబ్బు లేదు, అలాంటప్పుడు ఊరికే ఇవ్వాల్సిందే. కానీ ఊరికే ఇచ్చినదానికి కూడా ఏటా ఒకసారి వచ్చి చూసే మనిషి జీతం అంచనాలో రాసి ఉండాలి. పలక ధర రాస్తారు, మనిషి ఖర్చు రాయరు.

2018 ఏప్రిల్ 28న మణిపూర్‌లోని లెయిసాంగ్‌కి కరెంటు చేరడంతో దేశంలో అన్ని గ్రామాలకూ విద్యుత్ వచ్చిందని ప్రకటించారు. గ్రామంలో పదో వంతు ఇళ్ళకీ, బడి, పంచాయతీ లాంటి చోట్లకీ ఉంటే ఆ గ్రామానికి ఉన్నట్టే లెక్క. అంతకుముందు ఏడాదే మొదలైన సౌభాగ్య పథకం ఇళ్ళని లెక్కపెట్టింది, రెండున్నర కోట్లకు పైగా ఇళ్ళకి కనెక్షన్ ఇచ్చింది. అంత వేగంగా అన్ని ఇళ్ళకి తీగ వేసిన దేశాలు చాలా తక్కువ. అది చూసి నేను గర్వపడ్డాను, ఇప్పుడూ పడతాను. అయినా మన అనంతగిరి మండలంలోని గూడెం అనే 17 ఇళ్ళ గిరిజన పల్లెకి కరెంటు వచ్చింది 2025 చివర్లో. ఈ ఐదిళ్ళకి ఇంకా రాలేదు. రెవెన్యూ గ్రామం లెక్కలో ఈ ఊరికి కరెంటు ఉంది.

దిగేటప్పుడు అన్నయ్య మాట్లాడలేదు. అడుగులు లెక్కపెడుతున్నాడు.

శుక్రవారం, ముంచంగిపుట్టు, మాచ్‌ఖండ్

అరకు నుంచి ముంచంగిపుట్టు మీదుగా ఒనకఢిల్లీ. ఆంధ్రా ఎక్కడ అయిపోయిందో, ఒడిశా ఎక్కడ మొదలైందో బోర్డులు లేకపోతే తెలియదు. సంతలో రెండు భాషలూ కలిసే నడుస్తాయి.

మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం 1955లో మొదలైంది. రెండు రాష్ట్రాల ఉమ్మడి ప్రాజెక్టు, సామర్థ్యం 120 మెగావాట్లకు కాస్త అటూఇటూ. జోలాపుట్ డ్యాంలో నిలిపిన నీళ్ళని, డుడుమ జలపాతం పక్కనుంచి గొట్టాల్లో లోయలోకి వదులుతారు. జలపాతం ఎత్తు సుమారు 175 మీటర్లు. పవర్‌హౌస్ లోయ అడుగున ఉంటుంది, సిబ్బంది వించి (తీగతో లాగే బండి) మీద దిగుతారు. లోపలికి అనుమతి కావాలి. మేం పైనుంచే చూశాం. ఆ గొట్టాలు, ఆ వాలు, అంత కిందన ఆ చిన్న కప్పు. డెబ్భై ఏళ్ళ కిందట రోడ్లు కూడా సరిగా లేని ఈ కొండల్లో ఇంత ఇనుముని దింపిన మనుషులని తలుచుకుంటే ఒళ్ళు పులకరించింది. విశాఖకీ కోస్తాకీ తొలిరోజుల్లో పెద్ద ఎత్తున కరెంటు ఇచ్చింది ఈ నీళ్ళే.

అక్కడే టీ కొట్టు దగ్గర ఒక ముసలాయనతో మాట కలిసింది. వాళ్ళ నాన్న ఊరు జోలాపుట్ నీళ్ళ కింద ఉంది. డ్యాం కోసం వేలాది మంది ఊళ్ళు ఖాళీ చేశారు, ఎక్కువమంది గిరిజనులే. వాళ్ళలో భూమికి బదులు భూమి దొరికినవాళ్ళు కొందరే. కొండ మీదుగా కోస్తాకి వెళ్ళే పెద్ద లైను ఆయన చిన్నప్పటి నుంచీ ఉందట. ఆయన ఇంటికి బల్బు వచ్చింది ఆయనకి మనవలు పుట్టాక. అంత ఆలస్యం ఎందుకని అడిగాడు. పెద్ద లైను నుంచి ఇంటికి కరెంటు ఇవ్వడం కుదరదు, సబ్‌స్టేషన్ కావాలి, వేరే లైన్లు కావాలి, ఇదంతా నాకు తెలుసు. ఆయనకి అది చెప్పాలనిపించలేదు. సాంకేతికంగా సరైన జవాబే, కానీ ఆయన అడిగిన ప్రశ్నకి కాదు.

2023 లెక్కల ప్రకారం ప్రపంచంలో ఇంకా దాదాపు 67 కోట్ల మందికి కరెంటు లేదు. అందులో ఎక్కువమంది సహారాకి దిగువనున్న ఆఫ్రికాలోనే. అక్కడ 30 కోట్ల మందికి 2030 లోపు కరెంటు ఇస్తామని ప్రపంచ బ్యాంకు, ఆఫ్రికా అభివృద్ధి బ్యాంకు 2024లో ప్రకటించాయి. చేయగలిగిన పనే. వియత్నాంలో 90ల మొదట్లో సగం ఇళ్ళకి కూడా లేని కరెంటు ఇరవై ఏళ్ళలోపే దాదాపు అన్ని ఇళ్ళకీ చేరింది. అలా చేయబోయే ప్రతి దేశంలోనూ ఇలాంటి ఒక మాచ్‌ఖండ్ ఉంటుంది. డ్యాం అంచనా రాసేటప్పుడే, దాని నీడలో ఉన్న ఊళ్ళకి కరెంటు మొదటి ఏడాదే చేరాలని ఒప్పందంలో రాయడానికి అడ్డమేమిటి?

శనివారం, పాడేరు

రాత్రి ముంచంగిపుట్టులో ఆగి, పొద్దున్నే పాడేరు బస్సెక్కాం. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడ్డాక పాడేరే జిల్లా కేంద్రం. విశాఖ దాకా వెళ్ళకుండా అర్జీ ఇక్కడే ఇవ్వొచ్చు. కొండ ఊరి కుర్రాణ్ణి ఇక్కడికి రమ్మన్నాం. ఐదిళ్ళ వాళ్ళ ఆధార్ జిరాక్సులు ప్లాస్టిక్ కవర్‌లో పెట్టుకుని వచ్చాడు.

అతను రాసుకొచ్చిన అర్జీలో "మా ఊరికి కరెంటు లేదు, దయచేసి ఇప్పించగలరు" అని ఉంది. అన్నయ్య అది చదివి పక్కన పెట్టాడు.

"ఇలా రాస్తే ఊరికి కరెంటు ఉంది కదా అని క్లోజ్ చేసేస్తారు బాబూ. కరెంటు ఉన్న ఊళ్ళో మిగిలిపోయిన ఇళ్ళు అని రాయి. ట్రాన్స్‌ఫార్మర్ మీద నంబరుంటాది, సూడు, నేను రాసుకొచ్చాను, అదెయ్యి. అక్కణ్ణించి చివరి ఇంటికి నా అడుగుల లెక్కన కిలోమీటరుంపావు. ఇరవైమూడు స్తంభాలు పడతాయి. రెండు మలుపుల్లో స్టే వైరు కావాలి. అడవి మీద పోదు, డొంక పక్కనే పోద్ది, కాబట్టి ఫారెస్టు పర్మిషన్ అడ్డం రాకపోవచ్చు. అదీ రాయి."

ఎస్టిమేట్ ఎవరు వేస్తారని కుర్రాడు అడిగాడు. సెక్షన్ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) వేయాలి, పైన డీఈ చూడాలి అని అన్నయ్య చెప్పాడు. అంత దూరానికి ఎల్‌టీ లైను (ఇళ్ళకిచ్చే తక్కువ వోల్టేజీ లైను) లాగితే చివరి ఇంట్లో వోల్టేజీ పడిపోతుందని నేను చెప్పాను. ఎక్కువ వోల్టేజీ ఉండే 11 కేవీ లైను గుట్ట పైకి తీసుకెళ్ళి చిన్న ట్రాన్స్‌ఫార్మర్ అక్కడే పెట్టమని అడగాలి. అది కూడా రాయించాం. ఆ లోపు పాత సోలార్ పలకలకి కొత్త బ్యాటరీలు పెట్టించమని రెండో అర్జీ. కింద ఊళ్ళో వానాకాలం కోతల గురించి మూడోది, చెట్లకొమ్మలు కొట్టించమని. 1912కి ఫోన్ చేసిన ప్రతిసారీ కంప్లయింట్ నంబరు రాసుకోవాలని, తేదీ, టైము నోటుబుక్కులో పెట్టుకోవాలని చెప్పాడు అన్నయ్య. నంబరు లేని కంప్లయింట్‌కి జవాబు చెప్పేవాడు ఉండడు.

కౌంటర్ దగ్గర రసీదు మీద అర్జీ నంబరు వేసి ఇచ్చారు. మూడింటికీ మూడు నంబర్లు. కుర్రాడు ఫోనులో ఫొటో తీసుకుని నాకు, అన్నయ్యకి పంపాడు. నెలాఖరులో ఏఈ సర్వేకి వస్తే తనకి ఫోన్ చేయమని, తనే వచ్చి గుట్ట మీద స్తంభాల చోట్లు చూపిస్తానని అన్నయ్య చెప్పాడు. చోడవరం మీదుగా విశాఖ బస్సుకి ఇంకా గంట టైముంది. ఇద్దరూ అక్కడే బల్ల మీద కూర్చుని, గుట్ట దారిని కాగితం మీద గీసి, ఒక్కో స్తంభానికీ చుక్క పెట్టడం మొదలుపెట్టారు.